బొమ్మ మీది తేదీ



నెల్లూరు జిల్లా మెట్టకు ఎక్స్‌రే కొత్త కాదు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అనే నలుగురు వైద్యులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో కనిపించిన ఒక ఎముకల జబ్బు గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. వాళ్ళు చూసిన రోగులు నెల్లూరు జిల్లా పల్లెల వాళ్ళు. మెడ తిరగదు, నడుము వంగదు. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసలు మామూలుకంటే తెల్లగా, చిక్కగా, పక్కల ఎముక పెరిగి కనిపిస్తాయి. తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ మనిషి ఎముకల్ని ఏం చేస్తుందో మన దేశానికి మొదట చూపించింది ఆ పనే. ఆ నలుగురిలో బార్నార్డ్ ఎక్స్‌రే డాక్టరు. ఆయన పేరుతో రేడియాలజీ సంస్థ చెన్నైలో మద్రాసు మెడికల్ కాలేజీ దగ్గర ఇప్పటికీ నడుస్తోంది. ఉదయగిరి వైపు పెద్దవాళ్ళకు ఫ్లోరైడ్ మాట విడమరిచి చెప్పక్కర్లేదు కాబట్టి, అక్కణ్ణించే మొదలుపెట్టాను.

ఫ్లోరైడ్ ఎముకను పాడుచెయ్యడానికి పది, ఇరవై ఏళ్ళు తీసుకుంటుంది. ఎక్స్‌రే ఈ రోజు తీసినా, పై సంక్రాంతికి తీసినా చెప్పే మాటలో పెద్ద తేడా ఉండదు. బొమ్మ మన కోసం కాచుకుని ఉంటుంది.

ఈ పూట నేను మాట్లాడబోయే జబ్బుల తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఫంగస్, అంటే బూజు జాతి, ముక్కులోనో ఊపిరితిత్తుల్లోనో రక్తనాళం గోడ తొలుచుకుని లోపలికి దిగిందంటే లెక్క రోజుల్లోకి వస్తుంది, ఒక్కోసారి గంటల్లోకి వస్తుంది. సోమవారం తీసిన స్కాన్ శుక్రవారానికి పాతబడిపోతుంది. ఈ జబ్బుల్లో బొమ్మ ఎంత బాగా వచ్చిందని అడిగే ముందు, అది ఏ రోజుదని అడగాలి. జబ్బు మొదలైన ఎన్నో నాటిది, మందు మొదలుపెట్టిన ఎన్నో నాటిది అని కూడా అడగాలి. ఆ లెక్క తెలియకపోతే ఎంత ఖరీదైన స్కాన్ అయినా తప్పుదారి పట్టించగలదు.

ఈ బూజు ఎక్కడో అడవుల్లో లేదు. నిమ్మచెట్టు కింద రాలి కుళ్ళిన కాయ మీద, పేడదిబ్బలో, వానకు తడిసిన గడ్డివాములో ఉంటుంది. దాని బీజాలు కంటికి కనిపించకుండా గాలిలో తేలుతుంటాయి, మనందరం రోజూ పీలుస్తూనే ఉంటాం. ఒంట్లో తెల్లకణాలు కాపలా ఉన్నంత కాలం అవి ముక్కు దాటి ఏమీ చెయ్యలేవు. షుగరు బాగా పెరిగిపోయినప్పుడు, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడినప్పుడు, క్యాన్సరు మందులతో తెల్లకణాలు పడిపోయినప్పుడు, కిడ్నీ మార్పిడి తరవాత రోగనిరోధక శక్తిని అణిచే మాత్రలు వేసుకుంటున్నప్పుడు ఆ కాపలా సడలుతుంది. షుగరు ముదిరి రక్తం ఆమ్లంగా మారితే మరీ ప్రమాదం. మామూలప్పుడు రక్తంలోని ఇనుమును ఒక ప్రోటీను గట్టిగా పట్టుకుని ఉంచుతుంది. ఆమ్లం పెరిగితే ఆ పట్టు జారి ఇనుము విడిపడుతుంది. మ్యూకర్ జాతి బూజుకు కావలసిన మేత ఆ ఇనుమే.

2021 ఎండాకాలం ఇది దేశమంతా చూసింది. కరోనా రెండో విడత, దానికి వాడిన స్టెరాయిడ్లు, అదుపు తప్పిన షుగరు, మూడూ ఒకే మనిషి మీద ఒకేసారి పడ్డాయి. ఆ ఏడాది మే 20న కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసి, మ్యూకర్‌మైకోసిస్‌ను, అంటే ఈ మ్యూకర్ బూజు తెచ్చే జబ్బును, 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద తప్పనిసరిగా తెలియపరచాల్సిన జబ్బుగా ప్రకటించమంది. మన రాష్ట్ర ప్రభుత్వం అదే నెలలో దాని చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. హైదరాబాదులో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ఈ రోగుల కోసమే కేటాయించారు. జూలై మూడో వారానికి దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు లెక్కకు వచ్చాయి. దేశంలోని కంటి వైద్యులు కలిసి 2,826 మంది రోగుల వివరాలు పోగుచేసి ఆ ఏడే అచ్చువేశారు. వాళ్ళలో 78 శాతానికి షుగరు ఉంది, 87 శాతం స్టెరాయిడ్లు వాడినవాళ్ళు. ఇంకో సంగతి కూడా ఆ లెక్కలో ఉంది. నూటికి 44 మందికి కంటి, ముక్కు లక్షణాలు మొదలైంది కరోనా నిర్ధారణ అయిన రెండు వారాలు దాటాకే. జ్వరం తగ్గి, ఇంటికి చేరి, గండం గడిచిందనుకున్న తరవాత అన్నమాట.

జనం దాన్ని బ్లాక్ ఫంగస్ అన్నారు. నిజానికి ఆ నలుపు బూజుది కాదు, కండది. బూజు పోగులు రక్తనాళంలో దూరితే రక్తం గడ్డకట్టి నాళం పూడిపోతుంది. దాని మీద ఆధారపడ్డ కండ రక్తం అందక చచ్చి నల్లబడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, స్కాన్ సంగతంతా దీని చుట్టూనే తిరుగుతుంది. రక్తం అందక చచ్చిన చోటికి మనం నరంలోంచి ఎక్కించే మందు కూడా చేరదు. ఫంగస్‌ను చంపే మందైనా అంతే, స్కాన్ కోసం ఇచ్చే కాంట్రాస్ట్ అయినా అంతే. అందుకే ఈ జబ్బులో ఒట్టి మందులతో పని కాదు, చచ్చిన కండను ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. అది ఎంత మేర చచ్చిందో సర్జన్‌కు చెప్పాల్సింది స్కాన్.

మర్రిపాడు వైపు యాభై ఏళ్ళ రైతు ఒకాయన ఉన్నాడనుకుందాం. పదేళ్ళ షుగరు, మాత్రలు ఒక నెల వేసుకుంటే ఇంకో నెల లేదు. కీళ్ళ నొప్పులకని ఊళ్ళో ఎవరో ఇచ్చిన సూదులు నాలుగైదు వేయించుకున్నాడు. ఎడమ చెంప మొద్దుబారినట్టుంది. పైపళ్ళు కదులుతున్నట్టున్నాయి. ముక్కులోంచి ఒక పక్కే నెత్తుటి జీర కలిసిన నీరు. మూడో రోజుకు ఎడమ కంటి రెప్ప వాచి కిందికి జారింది, ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడు. ఇక్కడ చూడాల్సింది ఒక పక్కనే కావడం. జలుబు రెండు ముక్కుల్నీ పట్టుకుంటుంది, కళ్ళకలక ఒక కంటి నుంచి రెండో కంటికి పాకుతుంది. ఇది ఒక పక్కనే ఉండి లోతుకు దిగుతుంది. పంటి నొప్పి అనుకుని పన్ను పీకించుకునేవాళ్ళున్నారు. కంట్లో చుక్కలు వేసుకుని చూద్దామనేవాళ్ళున్నారు. 2021 మేలో మన జిల్లాలోనే, కరోనాకని ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం జనం బారులు తీరారు కదా. అక్కడి మందుల్లో కొన్నింటికి ప్రభుత్వం అనుమతిచ్చింది కాని, కంటి చుక్కలకు ఇవ్వలేదు. ఆ వివాదం మళ్ళీ తవ్వను. రెప్ప జారిన మనిషికి ఏ చుక్కలు వేసినా, వేసి చూద్దామని గడిపిన రోజులు మాత్రం తిరిగి రావు. అది చెప్పి వదిలేస్తాను.

ఈయనకు ముందు ఏం తియ్యాలి? ముఖం ఎక్స్‌రే తీస్తే ఎడమ సైనస్ కాస్త మసకగా కనిపించవచ్చు. మామూలు పడిశానికీ అలాగే కనిపిస్తుంది. కాబట్టి ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ లేదనే మాట పట్టుకుని ధీమాగా ఇంటికి వెళ్ళకూడదు. ముక్కు డాక్టరు సన్నటి దుర్బిణి గొట్టంతో ముక్కు లోపల చూడటం, సీటీ స్కాన్, రెండూ ఆ రోజే కావాలి. సీటీ చీటీ మీద ఏం రాశారో కూడా చూసుకోండి. ఒట్టి బ్రెయిన్ సీటీ అని రాస్తే యంత్రం మెదడు మేరకే తీస్తుంది, అంగుడి, పైదవడ, సైనస్ అడుగు దాకా దిగకపోవచ్చు. జబ్బు మొదలయ్యేదేమో అక్కడే. సైనస్‌లు, కంటి గూళ్ళు, మెదడు మూడూ కలిపి తియ్యమని రాయాలి. ఆసుపత్రి భాషలో పీఎన్‌ఎస్, ఆర్బిట్, బ్రెయిన్ అంటారు.

ఆ సీటీ తెర మీదికి వచ్చాక రేడియాలజిస్టుగా నేను ముందు చూసేది సైనస్ లోపల కాదు, సైనస్ వెనక. పైదవడ సైనస్ వెనక గోడకు ఆనుకుని కొద్దిగా కొవ్వు ఉంటుంది. సీటీలో కొవ్వు నల్లగా, నున్నగా ఉండాలి. జబ్బున్న పక్క ఆ నలుపులో బూడిదరంగు గీతలు పడి ఉంటాయి. రెండో పక్కతో పోల్చి చూస్తే తప్ప దొరకనంత చిన్న తేడా అది. సైనస్ గోడ ఎముక అప్పటికింకా చెక్కుచెదరకుండానే ఉంటుంది. ఎముక చెదరలేదు గనక జబ్బు బయటికి రాలేదనుకుంటే పొరపాటు. రక్తనాళాలు, నరాలు పోయే సన్నటి దారులు ఎముకలో పుట్టుకతోనే ఉంటాయి. బూజు ఆ దారులు పట్టుకుని ఎముకను ముట్టకుండానే అవతలికి పోగలదు. ఎముక తినేసినట్టు సీటీలో కనబడేసరికి జబ్బు చాలా దూరం పోయి ఉంటుంది. ఎముక ఎప్పుడూ ఆలస్యంగానే సాక్ష్యం చెబుతుంది.

ఎమ్మారై పని వేరు. దాంట్లో ఎముక అంత బాగా కనిపించదు కాని కండ, నరం, మెదడు స్పష్టంగా తెలుస్తాయి. ముక్కు లోపల పక్క గోడ మీద మెత్తటి మడతలుంటాయి, టర్బినేట్లు అంటారు. వాటికి రక్తం దండిగా ఉంటుంది గనక కాంట్రాస్ట్ ఎక్కించగానే ఎమ్మారైలో తెల్లగా వెలుగుతాయి. మ్యూకర్ పట్టిన మడత వెలగదు. చుట్టూ అంతా తెల్లబడినా అదొక్కటి నల్లగా నిలిచిపోతుంది. రేడియాలజీ పుస్తకాల్లో నల్ల టర్బినేట్ గుర్తు అని రాసేది దీన్నే. ముక్కులో దుర్బిణి పెట్టిన డాక్టరుకు కండ ఇంకా ఎర్రగా కనిపిస్తున్నప్పుడే ఈ గుర్తు బయటపడిన సందర్భాలున్నాయి. కంటి వెనక భాగం, చూపు నరం, మెదడు అడుగున రక్తనాళాలు గుమిగూడే కేవర్నస్ సైనస్ అనే చోటు కూడా ఎమ్మారైలోనే తేటగా తెలుస్తాయి. చూపు నరానికి రక్తం ఆగితే డిఫ్యూజన్ అనే తరహా ఎమ్మారై కొద్ది నిమిషాల్లో చూపిస్తుంది. దానికి కాంట్రాస్ట్ సూది కూడా అక్కర్లేదు.

హైదరాబాదు కంటి వైద్యుడు సంతోష్ హొనావర్ 2021లో ఈ జబ్బుకు దశలు గీసి ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో రాశారు. ముక్కు పొర వరకు ఉంటే ఒకటో దశ, సైనస్‌లలోకి పోతే రెండు, కంటి గూట్లోకి దిగితే మూడు, మెదడుకు చేరితే నాలుగు. ఆత్మకూరులో ఎక్కిన బస్సు సంగం, బుచ్చి దాటి నెల్లూరు చేరినట్టు వరసగా ఉంటుంది. కాకపోతే ఈ బస్సు మధ్యలో ఎక్కడా ఆగకుండానూ పోగలదు. తెలుగు నేల మీద పుట్టిన ఆ దశల లెక్క దేశమంతా పాకింది. ఎందుకంటే ఊపిరి సలపని ఆ మే నెలలో ఈఎన్‌టీ డాక్టరు, కంటి డాక్టరు, రేడియాలజిస్టు, మత్తు డాక్టరు ఒకే అంకె చెప్పుకుని పని మొదలుపెట్టగలిగారు. మూడో దశ అన్నారంటే కన్ను కాపాడగలమా, తియ్యాలా అనే మాట వచ్చిందని అందరికీ అర్థమయ్యేది.

ఇంత చెప్పాక స్కాన్‌కు చేతకాని పని ఒకటి చెప్పాలి. ఇది ఫలానా ఫంగస్ అని స్కాన్ ఎప్పుడూ చెప్పలేదు. ముక్కులోంచి చిన్న ముక్క తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే మ్యూకర్ అయితే వెడల్పాటి పోగులు, అడ్డగోడలు పెద్దగా లేకుండా, పక్క కొమ్మలు నిలువుకోణంలో చీలి కనిపిస్తాయి. ఆస్పర్జిల్లస్ అనే వేరే ఫంగస్ అయితే సన్నటి పోగులు, అడ్డగోడలు, కొమ్మలు వాలుగా చీలి ఉంటాయి. ఆ పరీక్షకు పెద్ద యంత్రం అక్కర్లేదు, చేతిలో పనితనం ఉంటే గంటలో తేలుతుంది. ఈ తేడా ఎందుకంటారా? ఆస్పర్జిల్లస్ మీద బాగా పనిచేసే వోరికొనజోల్ మ్యూకర్‌ను ఏమీ చెయ్యదు. మ్యూకర్‌కు యాంఫోటెరిసిన్ కావాలి. నా అభిప్రాయం అడిగితే, ముక్క పరీక్ష జరిగే ఏర్పాటు లేని చోట రెండో స్కాన్ మీద డబ్బు పెట్టడం కంటే, ఆ డబ్బు బండికి పెట్టి ముక్క పరీక్ష జరిగే చోటికి పోవడం మేలు.

యాంఫోటెరిసిన్ లెక్క కూడా ఒకసారి వినండి. లైపోసోమల్ రకం అయితే కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు. ఒక్కో సీసాలో ఉండేది 50. అంటే రోజుకు ఆరు సీసాలు, మూడు వారాలకు 126. మెదడుకు పోతే మోతాదు ఇంకా పెంచాల్సి రావచ్చు. 2021లో ఈ సీసాల కోసం ఎంత తిరగాల్సి వచ్చిందో చాలా ఇళ్ళలో మరిచిపోయి ఉండరు. ఈ మందు కిడ్నీని నొప్పిస్తుంది, పొటాషియం పడిపోయేలా చేస్తుంది. సీటీ కాంట్రాస్ట్ కూడా కిడ్నీ మీద భారమే. షుగరు మనిషి కిడ్నీ అప్పటికే సగం అలిసిపోయి ఉండవచ్చు. అందుకే స్కాన్ గదిలో ముందు అడిగేది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత అని. ఆ రక్తపరీక్ష ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో పొద్దున్నే చేయించుకుని కాగితం జేబులో పెట్టుకుంటే నెల్లూరులో ఒక పూట కలిసొస్తుంది. క్రియాటినిన్ బాగా ఎక్కువగా ఉంటే కాంట్రాస్ట్ లేకుండానే ఎమ్మారై తీసి కూడా చాలా తెలుసుకోవచ్చు. కిడ్నీ బాగోలేదు గనక స్కానే వద్దు అనుకోకండి.

ఇక ఊపిరితిత్తులు. ఇక్కడ తేదీ లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది.

రక్త క్యాన్సరుకు మందులు ఎక్కించుకునే పిల్లలు, పెద్దలు మన వైపు నుంచి తిరుపతికో, వేలూరుకో, చెన్నైకో పోతుంటారు. ఆ మందుల్లో పాతకాపు మెథోట్రెక్సేట్. ఆ కోవ మందులకు అమెరికాలో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో దారి వేసింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పోయాక 1953లో ఒక ఫంగస్ జాతికి శాస్త్రవేత్తలు సుబ్బరోమైసిస్ అని ఆయన పేరే పెట్టారు. రక్త క్యాన్సరుకు మందు వెతికిన చేతుల పేరు ఒక బూజుకు దక్కడం విచిత్రమే. ఆ బూజు మాత్రం మనుషుల జోలికి వచ్చే రకం కాదు.

ఈ మందుల వల్ల తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో జ్వరం వస్తుంది, యాంటిబయోటిక్‌కు తగ్గదు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. అదే రోజు సీటీ తీస్తే గోళీకాయంత ముద్ద, దాని చుట్టూ పల్చటి మసక వలయం కనబడవచ్చు. ముద్ద ఫంగస్, ఎక్కువగా ఆస్పర్జిల్లస్, పట్టిన చోటు; వలయం దాని చుట్టూ కారిన నెత్తురు. హేలో గుర్తు అంటారు. ఫ్రాన్సులో దిజోన్ వైద్యులు ఇలాంటి 25 మంది రోగులకు వరసగా సీటీలు తీసి 2001లో లెక్క చెప్పారు. మొదటి రోజు నూటికి 96 మందిలో ఆ వలయం ఉంది. మూడో రోజుకు 68. వారానికి 22. రెండో వారం చివరికి 19. అంటే వారం తరవాత తీరిగ్గా సీటీ తీయించుకుని, వలయం లేదు గనక ఫంగస్ కాదు అనడానికి వీల్లేదు. వలయం ఉండి, మనం పోయేలోపల పోయి ఉండవచ్చు.

అదే లెక్కలో ఇంకో విశేషం ఉంది. సరైన మందు పడుతున్నా, మొదటి వారంలో ఆ ముద్దల పరిమాణం నాలుగింతలయింది. రోగి ఇంట్లోవాళ్ళు రెండో సీటీ రిపోర్టులో పెరిగింది అన్న మాట చూసి గుండె జారిపోతారు. మందు పనిచెయ్యడం లేదేమో, ఆసుపత్రి మారుద్దామా అంటారు. వారానికి పెరగడం ఈ జబ్బు నడక. ఆ ఒక్క మాట మీద మందు మార్చకూడదు. రెండో వారంలో ఆ పెరుగుదల ఆగిందా లేదా అన్నది చూడాలి. మూడోది మరీ తమాషా. తెల్లకణాలు కోలుకుంటున్నప్పుడు ముద్ద లోపలి చచ్చిన భాగం విడిపోయి చుట్టూ గాలి చేరుతుంది, బొమ్మలో నెలవంక కనిపిస్తుంది. చూడటానికి ఊపిరితిత్తికి బొక్క పడినట్టే ఉంటుంది. చాలాసార్లు అది రోగి కోలుకుంటున్నాడనడానికి గుర్తు. అయితే ఆ సమయంలోనే దగ్గులో నెత్తురు పడే ప్రమాదం ఉంది గనక ఇంటికి పంపే తొందర పనికిరాదు.

ఊపిరితిత్తుల్లో మ్యూకర్ అయితే హేలో తిరగబడుతుంది. మధ్యన మసక, అంచు చిక్కగా ఉంటుంది. ఆ గుర్తు కనబడితే ముక్క పరీక్ష ఫలితం వచ్చేలోపే యాంఫోటెరిసిన్ మొదలుపెట్టే డాక్టర్లున్నారు, వాళ్ళది సరైన పనే. అమెరికాలో హ్యూస్టన్ వైద్యులు రక్త క్యాన్సరు రోగుల్లో చూసి 2008లో చెప్పారు: మ్యూకర్‌కు మందు ఆరు రోజులు, అంతకంటే ఆలస్యమైన వాళ్ళలో మరణాలు దాదాపు రెట్టింపు. కాండిడా అనే ఇంకో ఫంగస్ కాలేయంలో, ప్లీహంలో చిన్న చిన్న గడ్డలు చేస్తుంది. అవి కూడా తెల్లకణాలు పడిపోయినప్పుడు కాకుండా, తిరిగి లేచాకే అల్ట్రాసౌండ్‌లో బయటపడుతుంటాయి.

టీబీ సంగతి చెప్పకుండా ఊపిరితిత్తుల మాట ముగించలేను. ఎప్పుడో టీబీ వచ్చి మందులు వాడి నయమైన మనిషి పైఊపిరితిత్తిలో పాత గుహ ఒకటి మిగిలి ఉండవచ్చు. అందులో ఆస్పర్జిల్లస్ చేరి ఉండలా పెరుగుతుంది. ఇది రక్తనాళాల్లోకి దూకే రకం కాదు, ఏళ్ళ తరబడి నిదానంగా నడిచేది. కాని దగ్గులో నెత్తురు పడుతుంది, బరువు తగ్గుతారు. టీబీ తిరగబెట్టిందని మళ్ళీ ఆరు నెలల కోర్సు మొదలవుతుంది. కఫం పరీక్షలో టీబీ క్రిములు దొరకకపోయినా సాగుతుంది. సీటీ బల్ల మీద ఈ చిక్కు విడిపోయే పద్ధతి చాలా సులువు. ముందు వెల్లకిలా పడుకోబెట్టి తీస్తాం, ఉండ గుహలో వీపు వైపు ఉంటుంది. తరవాత బోర్లా పడుకోబెట్టి మళ్ళీ ఆ నాలుగు వేళ్ళ మేర మాత్రం తీస్తాం. ఉండ దొర్లి ఛాతీ వైపు వచ్చేస్తుంది. గోడకు అంటుకున్న క్యాన్సరు గడ్డయితే అలా కదలదు. నేను ఈ వృత్తిలో చూసిన వాటిలో, రోగి పక్కన నిలబడ్డ కొడుక్కి కూడా తెర మీద వేలు పెట్టి చూపిస్తే వెంటనే అర్థమయ్యే బొమ్మ ఇదొక్కటే. పాత టీబీ మనిషి దగ్గులో నెత్తురు పడితే, కొత్త కోర్సు మొదలుపెట్టే ముందు ఆస్పర్జిల్లస్ యాంటీబాడీ రక్తపరీక్ష, ఒక సీటీ అడగడం తప్పు కాదు.

మళ్ళీ మర్రిపాడు రైతు దగ్గరికి వద్దాం. ఆయనకు ఎండోస్కోపీతో ఆపరేషన్ అయింది, చచ్చిన కండ, సైనస్ లోపలి పొర తీసేశారు. కన్ను నిలిచింది. యాంఫోటెరిసిన్ ఎక్కుతోంది. ఇప్పుడు స్కాన్ ఎప్పుడెప్పుడు? ఆపరేషన్ తరవాత ముక్కు లోపలి ఆకారమే మారిపోతుంది. వాపు, కట్టు, పచ్చి కండ, అన్నీ ఎమ్మారైలో వెలుగుతాయి. కాబట్టి ఆపరేషన్ ముందటి బొమ్మతో పోల్చి లాభం లేదు. కొద్ది రోజుల్లో కొత్తగా ఒకటి తీసి, అక్కణ్ణించి దాన్నే ఆధారంగా పెట్టుకోవాలి. యూరపు ఫంగస్ వైద్యుల సంఘం పెద్దలు 2019లో ఇతర దేశాల వైద్యులతో కలిసి రాసిన మార్గదర్శకాల్లో, ముఖ్యంగా పరిస్థితి నిలకడగా లేని రోగులకు వారానికోసారి స్కాన్ చూసుకోమని చెప్పారు. మన ఖర్చుల్లో, మన దూరాల్లో ప్రతి వారం కుదరకపోవచ్చు. కాని నొప్పి కొత్తగా వచ్చినా, మొద్దుబారడం పెరిగినా, చూపు తగ్గినా వారం దాకా ఆగక్కర్లేదు, ఆగకూడదు కూడా.

ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు, ఆత్మకూరు నుంచి అందులో సగం పైచిలుకు. ఆ దారిలో మనిషితో పాటు పోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత స్కాన్ ఫిల్ములు మాత్రమే కాదు, సీడీ కూడా తీసుకుపొండి. సెల్‌ఫోన్‌లో తీసిన ఫిల్ము ఫొటోలో ఆ కొవ్వులోని సన్నటి గీతలు కనిపించవు. వందలాది కోతల్లోంచి పది పన్నెండే ఫిల్ము మీదికెక్కుతాయి, మిగతావన్నీ సీడీలోనే ఉంటాయి. పాతది చేతిలో ఉంటే కొత్తది చదివే రేడియాలజిస్టు పెరిగింది, తగ్గింది, అలాగే ఉంది అని చెప్పగలడు. లేకపోతే ఉంది, లేదు అని తప్ప ఏమీ చెప్పలేడు. ఏ మందు ఏ తేదీన మొదలైందో, ఆపరేషన్ ఏ రోజు అయిందో ఒక కాగితం మీద వరసగా రాసి కవరులో పెట్టండి. స్కాన్ చీటీ మీద డాక్టరు షుగరు, ఎడమ చెంప మొద్దు, నాలుగు రోజులు అని రాస్తే నేను ఆ కొవ్వు వైపు చూస్తాను. తలనొప్పి అని మాత్రమే రాస్తే చూపు మెదడు మీదే ఎక్కువసేపు నిలుస్తుంది. మేమూ మనుషులమే.

చివరికి మందు ఎప్పుడు ఆపాలి అనే ప్రశ్న మిగులుతుంది. సూది మందు వారాల తరవాత ఆగి, పోసకొనజోల్ మాత్రలు నెలల తరబడి సాగుతాయి. ఇంట్లోవాళ్ళు స్కాన్ శుభ్రంగా వచ్చిందాకా వాడదామంటారు. ఈ జబ్బు పోయిన చోట స్కాన్ పూర్తిగా శుభ్రం కావడం అరుదు. తిన్న ఎముక అలాగే గరుకుగా ఉంటుంది, సైనస్ పొర కొంచెం మందంగా ఉండిపోతుంది. కొన్ని వారాల ఎడంతో తీసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు తేడా లేకపోవడం, ముక్కులో దుర్బిణి పెట్టి చూస్తే కండ ఎర్రగా ఉండటం, షుగరు అదుపులో ఉండటం, ఈ మూడూ కలిసినప్పుడు డాక్టరు మాత్రలు ఆపే ఆలోచన చేస్తాడు. అందుకని ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే రోజు తరవాతి స్కాన్ ఏ తేదీన, ఏ భాగానికి, కాంట్రాస్ట్‌తోనా లేకుండానా అన్నది డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని బస్సెక్కండి.